బొమ్మ బాతులు, నోటి పిలుపు: కెమెరాతో చెరువు దగ్గర మాటు వేసేవాళ్ళకు

నాది నల్లగొండలో పెళ్ళిళ్ళ ఫొటో స్టూడియో. ధనుర్మాసం, పుష్యం కలిసి డిసెంబరు మధ్య నుంచి జనవరి చివరిదాకా ముహూర్తాలు దాదాపు ఉండవు. స్టూడియోలో ఈగలు తోలుకునే ఆ రోజుల్లోనే మన చెరువుల్లో వలస బాతులు నిండుగా ఉంటాయి. కాబట్టి కెమెరాకు పని తప్పదు.

బొమ్మ బాతులను నీళ్ళ మీద వదిలి, నోటితోనో ఊదే పీకతోనో పిలిచి, పైన తిరిగే గుంపును కిందికి దించడం వేటగాళ్ళ విద్య. నేను దాన్ని ఫొటోల కోసం వాడతాను. చాలా పాతది కూడా. అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో లవ్‌లాక్ గుహలో 1924లో తుంగతో అల్లిన బాతు బొమ్మలు దొరికాయి. వాటి వయసు సుమారు 2,000 ఏళ్ళు. ఆ దేశంలో లైసెన్సు తీసుకుని, సీజన్‌లో ఇప్పటికీ బాతులను వేటాడుతారు. అక్కడ కూడా ప్రాణమున్న బాతులను కట్టేసి ఎరగా వాడటం, గింజలు చల్లి రప్పించడం 1935లోనే నిషేధించారు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో చేసిన సవరణ తర్వాత ఏ అడవి బాతునూ వేటాడటానికి లేదు. తుపాకి ఒక్కటే కాదు, వల, ఉచ్చు, తరమడం, ఎర వేయడం కూడా చట్టం ప్రకారం వేట కిందికే వస్తాయి. అందుకే నూకలు, వడ్లు చల్లి బాతులను రప్పిద్దామన్న ఆలోచన ఉంటే ఇక్కడే వదిలేయండి. కెమెరా పట్టుకున్నామని చట్టం మారదు.

అమ్రాబాద్ టైగర్ రిజర్వు లోపల బొమ్మల ఊసే వద్దు. బయటి చెరువైనా సరే, ముందు ఫారెస్టు బీట్ ఆఫీసర్‌కు చెప్పండి, తర్వాత చెరువు మీద హక్కున్న మత్స్య సంఘం వాళ్ళకు చెప్పండి. వద్దంటే బొమ్మలు సంచిలోనే ఉంచి మాటు ఒక్కటే వేసుకోండి. సగం ఫొటోలు దానితోనే వస్తాయి. సంఘం వాళ్ళకు చెప్పకపోతే ఏమవుతుందంటే, మీరు చీకట్లో బొమ్మలు సర్దుకుని కూర్చున్నాక, పొద్దు పొడిచే వేళకు వాళ్ళ తెప్ప సరిగ్గా మీ ముందునుంచి వల తీస్తూ వెళ్తుంది. ఒక పెద్దాయన నన్ను అడిగాడు, "బొమ్మలు పెట్టి పిట్టల్ని మోసం జేస్తున్నవా సార్?" అని. అవునన్నాను. నవ్వి, ఏ రోజు ఎటువైపు వల వేస్తారో చెప్పి పోయాడు. ఆ సమాచారం ముందు ఏ యాప్ పనికిరాదు.

ఏ చెరువు

ఉదయ సముద్రం, జూరాల, కోయిల్‌సాగర్ లాంటి పెద్ద నీళ్ళ మీద బొమ్మలు దండగ. బాతులు ఎక్కడో నడిమధ్యలో దిగుతాయి, మన డజను బొమ్మలు వాటి కంటికే ఆనవు. పైగా ఉదయ సముద్రం తాగునీటికి వాడే రిజర్వాయరు, దిగకూడదు. అక్కడ గట్టు మీద నిలబడి బైనాక్యులర్స్‌తో చూడండి, చాలు. బొమ్మలకు కావలసింది ఊరి చెరువు, అందులోనూ శిఖం వైపు, అంటే కట్టకు ఎదురుగా నీళ్ళు పలచగా పరుచుకునే వైపు. కట్ట దగ్గర నీళ్ళు లోతు. పొచార్డ్ లాంటి మునిగే బాతులు అక్కడ ఉంటాయి. గార్గెనీ, పిన్‌టెయిల్, షావెలర్, మన సొంత స్పాట్‌బిల్ మాత్రం తల ముంచి, తోక పైకెత్తి మేసే రకం. వాటికి అడుగు లోపు నీళ్ళు కావాలి. ఆ లోతు ఉండేది శిఖంలోనే.

యాసంగి నాట్లకు తూము తెరిచాక నీటి అంచు రోజూ వెనక్కి జరుగుతుంది. పోయిన వారం బాగున్న చోటు ఈ వారం బురద. ముందురోజు సాయంత్రం వెళ్ళి కర్రతో లోతు చూసుకోవాలి. ఈ చూడటం బాతుల కోసమే కాదు, మన కోసం కూడా. పూడిక తీసిన చెరువుల్లో జేసీబీ తవ్విన గుంతలు నీళ్ళ కింద కనబడవు. మోకాలి లోతులో నడుస్తూ నడుస్తూ ఒక్క అడుగుతో మెడ దాకా పోవచ్చు. రెండోది, శిఖం రైతులు చెరువులో వేసుకున్న కరెంటు మోటార్లు. వైరు అతుకులు నీళ్ళలో ఉంటాయి. మోటారు కనిపిస్తే ఆ దరికే పోవద్దు, స్టార్టర్ ఆఫ్‌లో ఉన్నా సరే.

గాలి, ఎండ

అసలు సంగతి ఇదే. బొమ్మలు ఎంత బాగున్నా, పిలుపు ఎంత బాగా వచ్చినా, గాలి లెక్క తప్పితే వచ్చేవి బాతుల తోకల ఫొటోలే. బాతు ఎప్పుడూ ఎదురుగాలికే దిగుతుంది. గాలి తూర్పు నుంచి వీస్తుంటే అది పడమటి నుంచి వచ్చి, తూర్పు ముఖంగా నీళ్ళ మీద వాలుతుంది. ఎగిరేటప్పుడూ అంతే.

మన ప్రాంతంలో నవంబరు నుంచి జనవరి దాకా గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి వస్తుంది. ఆ నెలల్లో సూర్యుడు ఆగ్నేయం వైపు జరిగి ఉదయిస్తాడు. అంటే పొద్దున పూట తూర్పు ఒడ్డున పడమర ముఖంగా కూర్చున్నవాడికి గాలీ వీపు వైపే, ఎండా వీపు వైపే. దిగే బాతు నేరుగా మన వైపు చూస్తూ, ఒంటి నిండా ఎండతో దిగుతుంది. సాయంత్రం ఇది తలకిందులు. ఎండ కోసం పడమటి ఒడ్డుకు పోతే బాతు వీపు చూపిస్తుంది, గాలి కోసం తూర్పున కూర్చుంటే ఎండ కంట్లో పడుతుంది. అందుకే నేను సాయంత్రం బొమ్మలు పెట్టను. ఫిబ్రవరి దాటాక గాలి దిక్కు మారుతూ ఉంటుంది, అప్పుడు ఏ రోజుకా రోజు చూసుకోవాలి. చూడటానికి పరికరం అక్కర్లేదు. కొంచెం గాలి ఉంటే చాలు, నీళ్ళ మీద కూర్చున్న బొల్లి కోళ్ళ (నల్లటి ఒళ్ళు, తెల్లటి ముక్కు ఉండే నీటి పిట్టలు) ముక్కులు ఎటు ఉన్నాయో గాలి అటునుంచే వస్తున్నట్టు.

ఇందులో ఒక చిక్కుంది. మన నేల వాలు చాలా చోట్ల తూర్పు, దక్షిణాలకు. కాబట్టి చెరువు కట్ట కూడా చాలా ఊళ్ళలో తూర్పునే ఉంటుంది. తూర్పు ఒడ్డు అంటే కట్ట, లోతు నీళ్ళు, పాలకు పోయే బండ్లు, పొద్దున్నే వాకింగ్ చేసే జనం. అక్కడ కూర్చుని లాభం లేదు. శిఖంలోకే వెళ్ళి, నీళ్ళలోకి చొచ్చుకొచ్చిన మట్టి నాలుక గానీ, గుండ్ల గుట్ట గానీ, పాత గట్టు గానీ వెతకాలి. దానికి పడమటి పక్కన కనీసం ముప్పై, నలభై మీటర్ల తేట నీళ్ళు ఉండాలి. ఆ నాలుక మీద మీరు, దాని పడమట బొమ్మలు. ఇలాంటి చోటు దొరికిన చెరువు చిన్నదైనా నాకు అదే ఇష్టం.

బొమ్మలు చేసుకోవడం

ఆన్‌లైన్‌లో దొరికే ప్లాస్టిక్ బొమ్మలు ఎక్కువగా మలార్డ్ రూపంలో ఉంటాయి, ఆకుపచ్చ తలతో. ఆ బాతు మన చెరువులకు రావడమే అరుదు. థర్మాకోల్ తేలిక గానీ, రాలిన పూసలు చెరువులోనే మిగిలిపోతాయి. నేను వాడేది ఎండిన సొరకాయ బుర్ర. పొట్ట గుండ్రంగా ఉన్న కాయను తీగ మీదే ఎండనివ్వాలి. ఊపితే లోపల గింజలు గలగలమన్నాక కోయాలి. మెడ కోసి, గింజలు, పీచు గీకి తీసేసి, ఆ కంతకు చెక్క తల బిగించి, సందుల్లో ఎం-సీల్ పెడితే నీళ్ళు చొరవు. తలకు తేలిక చెక్క ఏదైనా పనికొస్తుంది. కొండపల్లి బొమ్మలు చేసే పొనికి లాంటి మెత్తటి చెక్క ముక్క వడ్రంగి దగ్గర దొరికితే కత్తిపీటతోనే చెక్కుకోవచ్చు.

తల ఎత్తు విషయంలో ఒక్క మాట. మెడ నిక్కబొడుచుకుని ఉన్న బాతు భయపడిన బాతు. పైనుంచి చూసే గుంపుకు అది బాగా తెలుసు. కాబట్టి మెడలు పొట్టిగా, తల వీపుకు దగ్గరగా ఉండాలి. రెండు మూడింటికి ముక్కు వీపు మీదికి తిప్పి నిద్రపోతున్నట్టు చేయండి. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. గార్గెనీలు, పిన్‌టెయిళ్ళు రాత్రంతా వరి మళ్ళలో మేసి, తెల్లవారాక చెరువుకు వచ్చేది పడుకోవడానికి. పడుకున్న గుంపు కనిపిస్తే వాటికి నమ్మకం.

రంగు ఎనామిల్ వేయొద్దు, ఎండకు తళుక్కుమంటుంది. గోడలకు బయటి వైపు వేసే మ్యాట్ ఎమల్షన్ మంచిది. మట్టి గోధుమ రంగు పూసి, అది తడిగా ఉండగానే సన్నటి రంపపు పొట్టు చల్లి, ఆరాక పైన ఇంకో పూత వేయండి. తడిసినా మెరవదు, దూరానికి ఈకల్లాగే కనబడుతుంది. స్పాట్‌బిల్‌కు నల్ల ముక్కు, కొసన పసుపు. అంతకన్నా వివరాలు అక్కర్లేదు. అక్టోబరు, నవంబరుల్లో వచ్చే మగ బాతులు కూడా ఆడవాటిలాగే మట్టి రంగులో ఉంటాయి, కాబట్టి సీజన్ మొదట్లో అన్నీ గోధుమ రంగువే చాలు. డిసెంబరు తర్వాత కావాలంటే తెల్ల రొమ్ముతో ఒకటి రెండు పిన్‌టెయిల్ మగవాటిని కలపండి.

అన్నిటికన్నా సులువుగా అయ్యేదీ, ఎక్కువ పనికొచ్చేదీ బొల్లి కోడి. చిన్న బుర్రకు నల్ల రంగు, ముక్కూ నుదురూ తెలుపు. బొల్లి కోళ్ళు నిమ్మళంగా ఉన్న చోటు క్షేమమని బాతులు అనుకుంటాయి. మూడు పెడతాను.

బుర్ర అడుగున రెండంగుళాల వెడల్పు చెక్క పట్టీ నిలువుగా బిగించి, దానికి ఇనుప నట్టు కట్టండి. లేకపోతే గాలికి బోర్లా పడుతుంది. ఇంట్లో నీళ్ళ తొట్టిలో వేసి, చేత్తో వంచి వదలండి, తనంతట తాను లేవాలి. బరువుకు సీసం మాత్రం వాడకండి. బాతులు అరుగుదల కోసం ఇసుక రాళ్ళు మింగుతాయి, వాటితోపాటు సీసం ముక్కలూ మింగి చస్తాయి. అమెరికాలో బాతుల వేటకు సీసపు గుళ్ళను 1991లో దేశమంతటా నిషేధించింది అందుకే. లంగరుకు గుప్పెడంత రాయి, లోతుకు ఒకటిన్నర రెట్లు తాడు.

పెట్టే పద్ధతి

డజను దాటనవసరం లేదు. కొడవలి ఆకారం గుర్తుపెట్టుకోండి. వంపు భాగం మీకు దగ్గరగా, గాలి వచ్చే వైపు. పిడి భాగం గాలి పోయే వైపు, అంటే పడమరకు సాగిపోతుంది. వంపులో బొమ్మలు ఎక్కువ, పిడి వెంట పలచగా. వంపు లోపల నాలుగైదు మీటర్ల నీళ్ళు పూర్తిగా ఖాళీగా వదలాలి. దిగేది ఆ ఖాళీలోనే. పెళ్ళి బంతిలో వచ్చినవాళ్ళ కళ్ళు ఖాళీ కుర్చీ కోసం ఎలా వెతుకుతాయో, పైన తిరిగే గుంపూ అలాగే వెతుకుతుంది. ఖాళీ వదలకుండా నీళ్ళంతా బొమ్మలతో నింపితే గుంపు రెండు చుట్లు కొట్టి పోతుంది. కూర్చున్న బాతుల నెత్తిమీదుగా ఎగిరి దిగడం కూడా వాటికి నచ్చదు, కాబట్టి పడమటి నుంచి ఆ ఖాళీకి వచ్చే దారిలో ఒక్క బొమ్మ కూడా అడ్డం ఉండకూడదు.

బొమ్మకూ బొమ్మకూ మధ్య రెండు మీటర్లు ఇవ్వండి. దగ్గరగా గుమిగూడిన బాతులు ఎగరబోయే బాతులు. ముక్కులు చాలావరకు గాలి వైపు ఉంచి, రెండు మూడింటిని అటూ ఇటూ తిప్పండి. బొల్లి కోళ్ళను విడిగా ఒక పక్కన, జమ్ముకు దగ్గరగా పెట్టండి.

దూరం లెక్క కాగితం మీద వేసుకోవచ్చు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు 600 ఎంఎం లెన్సు పెడితే, ఇరవై అయిదు మీటర్ల దూరంలో ఫ్రేము వెడల్పు ఒకటిన్నర మీటర్లు. క్రాప్ సెన్సర్ మీద 400 కూడా ఇంచుమించు అంతే. రెక్కలు విప్పిన పిన్‌టెయిల్ వెడల్పు మీటరు లోపే, గార్గెనీ ఇంకా చిన్నది. కాబట్టి ఖాళీ నడిమి నుంచి మీ మాటుకు ఇరవై అయిదు మీటర్లు ఉంటే బాతూ నిండుగా పడుతుంది, రెక్క కొసలూ తెగవు.

మాటు మాత్రం ఖాళీకి సరిగ్గా ఎదురుగా వద్దు. దిగే బాతు చూపు సూటిగా ముందుకే ఉంటుంది, మీ కదలిక మొదట దానికే కనబడుతుంది. పది అడుగులు దక్షిణానికి జరిగి కూర్చోండి. చూపు బొమ్మల మీద ఉంటుంది, ఎండ కొంచెం పక్కనుంచి పడి ఈకల గీతలు కూడా తేలతాయి.

గాలి ఆగిపోయిన పొద్దున అద్దంలాంటి నీళ్ళ మీద కదలని బొమ్మలు చూస్తే బాతులకు అనుమానం వస్తుంది. ఒక బొమ్మకు నైలాన్ దారం కట్టి, నీటి అడుగున కొట్టిన మేకు కొక్కెంలోంచి మాటు దాకా తెచ్చుకోండి. గుంపు దూరంగా ఉన్నప్పుడు మెల్లగా రెండుసార్లు లాగితే అలలు లేచి మిగతా బొమ్మలు కూడా కదులుతాయి. దగ్గరికొచ్చాక లాగొద్దు.

మాటు

ఫ్లిప్‌కార్టు గుడారాలు అక్కర్లేదు. సర్కారు తుమ్మ పొద ముందు మట్టి రంగు గుడ్డ కట్టి, లెన్సుకు కంత పెట్టుకుంటే చాలు. నేను స్టూడియోలో పాతబడిన బ్యాక్‌డ్రాప్ వాడతాను. జమ్ము కోసి గూడు కట్టడం మానండి, అందులో మునుగుడు కోళ్ళు ఉంటాయి. జనవరిలో సూర్యోదయం ఆరూ ముప్పావుకు, కాబట్టి అయిదున్నరకల్లా బొమ్మలు నీళ్ళలో ఉండాలి. బాతులు నెత్తిమీద తిరుగుతుంటే తలెత్తి చూడాలనిపిస్తుంది. చూడొద్దు. పైనుంచి మనిషి ముఖం తెల్లగా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. టోపీ అంచు కిందికి లాగి, ముఖానికి తువ్వాల చుట్టుకోండి.

పిలుపు

అమెరికా వేటగాళ్ళ పీక ఆడ మలార్డ్ గొంతును అనుకరిస్తుంది. మన దగ్గర దానికి బాగా దగ్గరగా పలికేది ఆడ స్పాట్‌బిల్. పిన్‌టెయిల్ మగది పొట్టి ఈల వేస్తుంది, విజియన్ "వీ...ఊ" అంటుంది, ఎర్ర చిలువలు (విజిలింగ్ డక్ అనే బాతులు) ఎగురుతూ రెండు స్వరాల సన్నని ఈల వేస్తూనే ఉంటాయి, మగ గార్గెనీది కటకటమనే పొడి చప్పుడు. వీటిని మనం చేయనవసరం లేదు, గుర్తుపడితే చాలు. చీకట్లో ఏది వస్తోందో చెవి ముందే చెబుతుంది, కెమెరా సిద్ధంగా ఉంటుంది.

స్పాట్‌బిల్ పిలుపు పీక లేకుండా నోటితోనే వస్తుంది. నాలుక వెనక భాగాన్ని అంగిటికి ఆనించి, బుగ్గలతో కాకుండా పొట్టలోంచి గాలి తోయాలి. కళ్ళజోడు తుడిచే ముందు "హా" అని ఆవిరి పట్టిస్తామే, ఆ గాలి. మొదటి "క్వాక్" కొంచెం గట్టిగా, తర్వాత మూడు నాలుగు ఒకదానికన్నా ఒకటి తగ్గుతూ, పొట్టిగా. చివరిది నోట్లోనే అణిగిపోవాలి. రెండు చేతులు నోటి ముందు దొప్పలా పెట్టి, చప్పుడు నీళ్ళ మీదికి వంచండి.

ఎప్పుడు పిలవాలన్నదానికి వేటగాళ్ళ సూత్రం బంగారం లాంటిది. తోక కనిపిస్తే పిలువు, ముక్కు కనిపిస్తే నోరు మూసుకో. గుంపు చుట్టు కొట్టి దూరమవుతున్నప్పుడు ఒక్కసారి పిలిస్తే మళ్ళీ తిరగొచ్చు. మన వైపు వస్తుంటే పిలుపు మన జాగా పట్టిస్తుంది, అంతే. ఒక గుంపుకు రెండుసార్లకు మించి వద్దు. ఫోనులో రికార్డింగ్ పెట్టి మోగించడం నాకు అస్సలు నచ్చదు. ఆగకుండా మోగితే ఉన్నవీ లేచిపోతాయి. వానాకాలంలో స్పాట్‌బిల్‌లు గూళ్ళు పెట్టుకునే నెలల్లో నోటి పిలుపు కూడా మానేయాలి.

గుంపు రెండు మూడు చుట్లు కొట్టడం మామూలే. రెక్కలు బిగించి, తోక విప్పి, కాళ్ళు ముందుకు చాచిందాకా కెమెరా ఎత్తొద్దు. షటర్ 1/2500, సైలెంట్ మోడ్. ఎగిరే ఫొటోల కోసం చప్పట్లు కొట్టి లేపేవాళ్ళను చూశాను. అవసరమే లేదు. ఎండ ఎక్కే వేళకు ఏదో ఒక మార్ష్ హారియర్ (డేగ లాంటి వేట పక్షి) చెరువు మీద చక్కర్లు కొడుతుంది, గుంపంతా లేస్తుంది, అది పోగానే తిరిగి దిగుతుంది. ఆ రెండో దిగడమే పొద్దున మొత్తంలో మంచి ఛాన్సు, లైటు కూడా అప్పటికి బాగుంటుంది. కూర్చున్న బాతుల మెడలు ఒక్కసారిగా లేచి, బొల్లి కోళ్ళు జమ్ములోంచి బయటికి ఈదుతుంటే మాత్రం అక్కడ ఏదో వాటికి నచ్చలేదని అర్థం. అది మీరే కావచ్చు. కదలకుండా ఉండండి.

తొమ్మిదికి మేకలు, గేదెలు శిఖంలోకి దిగుతాయి, పని అయిపోయినట్టే. బాతులు వాటంతట అవి దూరం జరిగాకే బయటికి రండి. పెట్టినన్ని బొమ్మలు, కట్టినన్ని తాళ్ళు లెక్కపెట్టి తీయాలి. మిగిలిపోయిన ఒక్క తాడు పిట్ట కాలికైనా చుట్టుకుంటుంది, మత్స్య సంఘం వల్లోనైనా చిక్కుకుంటుంది. గుర్రపుడెక్క ముక్కలు బొమ్మలకూ చెప్పులకూ అంటుకుని ఇంకో చెరువుకు పోకుండా కడిగి ఆరబెట్టండి. నెర్రె కనిపించిన బుర్రకు అదే రోజు ఎం-సీల్ పెట్టండి. ఎండాకాలం అంతా గోనెసంచిలో వేసి దూలానికి వేలాడదీయండి, నేల మీద పెడితే గింజ వాసనకు ఎలుకలు కొరికేస్తాయి.